ఒకే నేరం, ముగ్గురికి మూడు దారులు

ఉరిశిక్ష వద్దనేవాళ్లు ముందుగా చెప్పేది నిరపరాధుల సంగతి. లండన్‌లో తిమోతీ ఎవాన్స్‌ను 1950లో ఉరితీశారు, 1966లో క్షమాభిక్ష ప్రకటించారు. చచ్చినవాడికి క్షమాభిక్ష ఏమిటో! వెంటనే అవతలివాళ్లు, "సాక్ష్యం గట్టిగా ఉన్నచోట తప్పేముంది?" అంటారు. అలా అనే మిత్రులకు నేను మన దేశపు కేసు ఒకటి చెబుతుంటాను. అందులో నేరం రుజువైంది కూడా.

ఉత్తరప్రదేశ్‌లోని పిలిభిత్‌లో ఒకే కుటుంబంలో నలుగురిని చంపినందుకు జీతాసింగ్, కశ్మీరాసింగ్, హర్బన్స్‌సింగ్‌లకు 1975లో సెషన్స్ కోర్టు ఉరి వేసింది. అదే ఏడు అలహాబాదు హైకోర్టు ఖాయం చేసింది. ముగ్గురి పాత్రా ఒక్కటే. కానీ సుప్రీంకోర్టుకు ఎవరికి వారు వెళ్లారు, వేర్వేరు ధర్మాసనాల ముందు పడ్డారు. జీతాసింగ్ అర్జీని 1976లో కొట్టేశారు. కశ్మీరాసింగ్ జైలు నుంచి పంపుకున్న అర్జీ మీద 1977లో ఉరిని యావజ్జీవంగా మార్చారు. 1978లో హర్బన్స్‌సింగ్‌కు మళ్లీ ఉరే ఖాయమైంది. 1980లో అతని రివ్యూ పిటిషనూ పోయింది. కశ్మీరాసింగ్‌కు శిక్ష తగ్గిందన్న మాట అప్పటికే కోర్టు కార్యాలయం రాసిన నివేదికలో ఉంది. ఉండి ఏం లాభం? దాన్ని న్యాయమూర్తుల దృష్టికి ప్రత్యేకంగా తెచ్చిన దాఖలా లేదు.

ఇక్కడ దొంగసాక్షి లేడు. లంచం లేదు. పగబట్టిన జడ్జీ లేడు. ఎవరి ముందున్న కాగితం వారు చదివారు, అంతే.

జీతాసింగ్, హర్బన్స్‌సింగ్‌లను 1981 అక్టోబరు 6న ఉరితీయాలని నిర్ణయమైంది. హర్బన్స్‌సింగ్ రిట్ వేసి స్టే తెచ్చుకున్నాడు. జీతాసింగ్ అడగలేదు. అనుకున్న రోజునే అతణ్ణి ఉరితీశారు.

1982 ఫిబ్రవరి 12న సుప్రీంకోర్టు హర్బన్స్‌సింగ్ శిక్ష తగ్గించమని రాష్ట్రపతికి సిఫారసు చేసింది. ఆ తీర్పు రాసిన ప్రధాన న్యాయమూర్తి వై.వి.చంద్రచూడ్, 1976లో జీతాసింగ్ అర్జీ కొట్టేసిన ధర్మాసనంలోనూ ఉన్నారు. అది చదివినప్పుడు నేను కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. తోటి ముద్దాయికి ఉరి తగ్గితే ఆ సంగతి కార్యాలయం తన నివేదికలో తప్పక చూపాలని ఆ తీర్పులోనే చెప్పారు. ఉరి తీసేముందు జైలు సూపరింటెండెంటు కూడా స్వయంగా విచారించి, అలా తగ్గి ఉంటే పై అధికారులకు తెలియజేయాలన్నారు. జీతాసింగ్ పోయి అప్పటికి నాలుగు నెలలు.