ఇచ్ఛాపురానికి ఇవతల, అవతల: వైద్య కార్డుల ఇరవై ఏళ్ల కథ



కిందటి ఆదివారం మేం సంఘం ఆఫీసులో కూర్చుని ఉండగా డెబ్బై దాటిన ఒకావిడ వచ్చి బల్ల మీద మూడు కార్డులు పరిచింది. ఒకటి ఫొటో చెరిగిపోయిన పాత స్మార్ట్ కార్డు. రెండోది బిజూ స్వాస్థ్య కల్యాణ్ కార్డు. మూడోది ఈమధ్యే వచ్చిన ఆయుష్మాన్ కార్డు. "నాయనా, వీటిలో ఏది పనిచేస్తుందో చెప్పండి, మిగతావి పారేస్తాను" అంది. అక్కడ మేం నలుగురం ఉన్నాం. నలుగురం నాలుగు మాటలు చెప్పాం. ఆవిడ నవ్వి, "మీకూ తెలీదన్నమాట" అని కార్డులు కొంగున ముడేసుకుని వెళ్లిపోయింది.

ఆ మాట మాకు గుచ్చుకుంది. ఆ మూడు కార్డులు ఎలా వచ్చాయి, ఎవరి ఆలోచనతో వచ్చాయి, సరిహద్దులో బతికే మనలాంటి తెలుగువాళ్లకు వాటివల్ల ఎంత ఒరిగింది అని కూడబలుక్కుని చూశాం. తెలిసినంతవరకు ఇక్కడ రాస్తున్నాం. కొంచెం పొడుగే, ఓపికగా చదవండి.

మన సంగతి మనకు తెలిసిందే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మన బరంపురం ఇటు వచ్చింది, ఇచ్ఛాపురం అటు ఉండిపోయింది. గీత నేల మీద పడింది గానీ పెళ్లిళ్ల మీద పడలేదు. ఈనాటికీ సోంపేట పిల్లలు మనకు కోడళ్లుగా వస్తారు, మన ఆడపిల్లలు పలాసకు కాపురానికి వెళ్తారు. జబ్బు చేస్తే ముందు ఎంకేసీజీ, అక్కడ కాదంటే విశాఖపట్నం. తాతల కాలం నుంచీ ఇదే దారి.

ఇప్పుడు 2004కు వెళదాం. ఆ ఏడాది మే నెలలో లోక్‌సభ ఎన్నికల ఫలితాలు వచ్చి ఢిల్లీలో ప్రభుత్వం మారింది. కొత్త కూటమి పార్టీలు కలిసి కనీస ఉమ్మడి కార్యక్రమం అని ఒక పత్రం రాసుకున్నాయి. అందులో వైద్యం గురించి రెండు ముఖ్యమైన మాటలున్నాయి. ఒకటి, ఐదేళ్లలో ప్రభుత్వ వైద్య ఖర్చును దేశ ఆదాయంలో 2 నుంచి 3 శాతానికి పెంచుతామని. రెండు, పేద కుటుంబాలకు జాతీయ స్థాయిలో ఆరోగ్య బీమా తెస్తామని. ఈ రెండు మాటలూ గుర్తుపెట్టుకోండి. తర్వాతి ఇరవై ఏళ్ల కథంతా వీటిలో ఏది నిలిచింది, ఏది జారిపోయింది అన్నదే.

మొదటి మాటకు జవాబుగా 2005 ఏప్రిల్ 12న జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలైంది. మన పల్లెల్లో ఆశా కార్యకర్తలు వచ్చింది దానివల్లే. రెండో మాట తేలడానికి ఇంకో మూడేళ్లు పట్టింది.

ఈలోపు మన పక్కింట్లోనే పెద్ద సంగతి జరిగింది. 2007 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్‌లో రాజశేఖరరెడ్డి ప్రభుత్వం రాజీవ్ ఆరోగ్యశ్రీ మొదలుపెట్టింది. మొదటి విడతకు మూడు జిల్లాలు ఎంచుకున్నారు: మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం. అంటే ఇచ్ఛాపురం వచ్చింది, మనం రాలేదు. అప్పట్లో అక్కడ తెల్ల రేషన్ కార్డు ఉంటే చాలు, గుండె ఆపరేషన్‌కైనా, క్యాన్సర్‌కైనా కుటుంబానికి ఏడాదికి రెండు లక్షల దాకా ప్రభుత్వమే కట్టేది.

మనవాళ్లలో ఇద్దరు అన్నదమ్ములున్నారు, పేర్లు చెప్పం. పెద్దాయన ఇచ్ఛాపురంలో స్థిరపడ్డాడు, చిన్నాయన బరంపురంలో మగ్గం నేసేవాడు. ఏడాది తేడాతో ఇద్దరికీ గుండె జబ్బు వచ్చింది. ఇద్దరికీ విశాఖపట్నంలో ఒకే ఆస్పత్రిలో ఆపరేషన్ అయింది. పెద్దాయన తెల్లకార్డు చూపించి, తిరుగు ప్రయాణానికి మాత్రం చేతి డబ్బు పెట్టుకున్నాడు. చిన్నాయన ఇంట్లో పుస్తెలతాడు, రెండు మగ్గాలు, వెనక ఉన్న ఖాళీ స్థలం పోయాయి. ఒక తల్లి పిల్లలు, ఒకే జబ్బు, ఒకే ఆస్పత్రి. తేడా అల్లా రేషన్ కార్డు మీద ఉన్న రాష్ట్రం పేరు. చిన్నాయన భార్య ఆ తర్వాత ఎప్పుడూ ఒకటే అనేది: "మా బావగారు గీతకు అటు పక్కన ఇల్లు కట్టుకోవడమే ఆయన చేసిన పుణ్యం."

2008 ఏప్రిల్ 1న ఢిల్లీ మాట కార్డుగా మారింది. దాని పేరు రాష్ట్రీయ స్వాస్థ్య బీమా యోజన. ఆ ముసలావిడ దగ్గర చెరిగిపోయిన స్మార్ట్ కార్డు అదే. దారిద్య్రరేఖకు దిగువనున్న కుటుంబం ముప్పై రూపాయలు కట్టి పేరు రాయించుకుంటే, ఐదుగురికి కలిపి ఏడాదికి ముప్పై వేల రూపాయల వైద్యం. వేలిముద్ర వేస్తే చాలు, చేతి నుంచి డబ్బు కట్టక్కర్లేదు. ప్రీమియంలో ముప్పాతిక కేంద్రానిది, పాతిక రాష్ట్రానిది. పథకాన్ని నడిపింది ఆరోగ్య శాఖ కాదు, కార్మిక శాఖ.

దీని వెనకున్న ఆలోచన అర్థం చేసుకోవాలి. అప్పటిదాకా ప్రభుత్వం ఆస్పత్రికి డబ్బిచ్చేది, రోగి వెళ్లి వరసలో నిలబడేవాడు. ఇప్పుడు డబ్బు రోగి వెంట నడుస్తుంది. జాబితాలో ఉన్న ఆస్పత్రి సర్కారుదైనా, ప్రైవేటుదైనా, రోగి ఎటు వెళితే డబ్బు అటు. ఎన్ని కార్డులిస్తే అంత ప్రీమియం కాబట్టి బీమా కంపెనీ ఊరూరా తిరిగి పేర్లు రాస్తుంది. ఎంతమంది రోగులొస్తే అంత ఆదాయం కాబట్టి ఆస్పత్రి మర్యాదగా చూస్తుంది. ఒక్క మాటలో చెప్పాలంటే, చేయి చాచి నిలబడే పేదవాడు కొనుగోలుదారుడవుతాడు, కొట్టువాడు అతన్ని పిలిచి కూర్చోబెడతాడు అన్నది లెక్క.

ఇందులో మంచి లేదని మేం అనం. కొనుగోలుదారుడికి చట్టంలో ఒక బలముంది. వినియోగదారుల రక్షణ చట్టం వైద్యానికీ వర్తిస్తుందని 1995 నవంబరు 13న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. రోగి తరఫున బీమా కంపెనీ డబ్బు కట్టినా అది ఉచిత సేవ కాదు, డబ్బిచ్చి పొందిన సేవే అని అందులో స్పష్టంగా ఉంది. కాబట్టి కార్డు పట్టుకుని వెళ్లినవాడు ధర్మాస్పత్రికి వెళ్లినట్టు తల దించుకోనక్కర్లేదు.

అయితే బజారు లెక్క ఆస్పత్రిలో ఎంతవరకు నడుస్తుంది? మనం బరంపురం పట్టుచీర కొనాలంటే నాలుగు కొట్లు ఎక్కి దిగుతాం. జరీ గీకి చూస్తాం, బేరమాడతాం, నచ్చకపోతే లేచి వచ్చేస్తాం. అర్ధరాత్రి గుండెలో నొప్పి వచ్చినవాడు నాలుగు ఆస్పత్రులు తిరిగి బేరమాడతాడా? ఆపరేషన్ అవసరమా కాదా అన్నది చెప్పేవాడూ, ఆపరేషన్ చేసి డబ్బు తీసుకునేవాడూ ఒక్కడే అయినప్పుడు కొనుగోలుదారుడి తెలివి ఏపాటిది? 2012 ప్రాంతంలో ఛత్తీస్‌గఢ్, బీహార్‌లలో ఈ కార్డుల మీద అవసరం లేకుండా ఆడవాళ్ల గర్భసంచులు తీసేశారన్న ఆరోపణలు వచ్చి, ప్రభుత్వాలే విచారణలు జరపాల్సి వచ్చింది. డబ్బు రోగి వెంట నడిస్తే మంచి వైద్యుడే కాదు, ఆశబోతు కూడా ఆ వెంటే నడుస్తాడు.

ఇంకో లోపం మనలాంటివాళ్లకే తెలిసింది. ఆ కార్డు దేశమంతా చెల్లుతుందన్నారు. చెల్లాలంటే అవతలి ఊళ్లో ఆ పథకం జాబితాలో ఉన్న ఆస్పత్రి, అక్కడ కార్డు గీకే యంత్రం ఉండాలి. ఆంధ్రప్రదేశ్ తన ఆరోగ్యశ్రీ మీదే నిలబడింది. మనకు అలవాటైన దారి విశాఖపట్నం. కార్డు జేబులోనే ఉండేది, డబ్బు మాత్రం చేతిలోంచి పోయేది. పైగా ముప్పై వేలు ఏ మూలకు? ఏళ్లు గడిచినా ఆ అంకె పెరగలేదు.

ఇది మన ఒక్కరి కథ కాదు. మన మిగతా సంఘాలవాళ్లు చదువుతారు కాబట్టి వాళ్ల సంగతీ చెప్పాలి. తమిళనాడులో 2009లో కరుణానిధి ప్రభుత్వం లక్ష రూపాయల బీమా తెచ్చింది. 2011 ఎన్నికల్లో ప్రభుత్వం మారాక 2012 జనవరిలో జయలలిత ప్రభుత్వం వేరే పేరుతో మళ్లీ మొదలుపెట్టింది. కర్ణాటకలో 2010లో వాజపేయి ఆరోగ్యశ్రీ ముందుగా గుల్బర్గా డివిజన్‌కు వచ్చింది, అంటే మన బళ్లారి, రాయచూరు వాళ్లకు. మహారాష్ట్రలో 2012 జులైలో మొదలైన రాజీవ్ గాంధీ జీవన్‌దాయీ తొలి విడత ఎనిమిది జిల్లాల్లో షోలాపూర్, నాందేడ్ ఉన్నాయి. అక్కడి మన పద్మశాలీల ఇళ్లలో ఆ కార్డు ఇంకా ఉండే ఉంటుంది.

కర్ణాటక పథకం మీద 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక అధ్యయనం వచ్చింది. పథకం ఉన్న ఊళ్లనూ, హద్దుకు అవతల పథకం ఇంకా రాని ఊళ్లనూ పక్కపక్కన పెట్టి పోల్చారు. పథకం ఉన్నవైపు పేద ఇళ్లలో, పథకం కిందికొచ్చే జబ్బుల వల్ల చావులు బాగా తక్కువని తేలింది. ఇచ్ఛాపురం అన్నదమ్ముల కథనే పండితులు లెక్కలు కట్టి చూపించారన్నమాట. కార్డు పనిచేసే చోట ప్రాణాలు నిలుస్తాయి. చిక్కంతా పనిచేయని చోటే.

2018కి వద్దాం. ఆగస్టు 15న నవీన్ పట్నాయక్ ప్రభుత్వం బిజూ స్వాస్థ్య కల్యాణ్ యోజన మొదలుపెట్టింది. సెప్టెంబరు 23న రాంచీలో ప్రధాని మోదీ ఆయుష్మాన్ భారత్ ప్రారంభించారు. రెండిటిలోనూ కుటుంబానికి ఐదు లక్షలే. మా పథకంలో ఆడవాళ్లకు ఇంకా ఎక్కువుంది, మీది మాకెందుకు అని భువనేశ్వర్ అంది. మా కార్డు దేశమంతా చెల్లుతుంది అని ఢిల్లీ అంది. ఇద్దరి మాటలోనూ నిజముంది. ఆ వాదులాట ఆరేళ్లు సాగింది.

2024లో లోక్‌సభకూ, ఒడిశా అసెంబ్లీకీ ఎన్నికలు కలిసే జరిగాయి. రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. 2025 జనవరి 13న ఒడిశా ఒప్పందం మీద సంతకం చేసింది, ఏప్రిల్ 11న కటక్‌లో ఆయుష్మాన్ భారత్‌ను గోపబంధు జన ఆరోగ్య యోజనతో కలిపి మొదలుపెట్టారు. కుటుంబానికి ఐదు లక్షలు, ఆడవాళ్లకు అదనంగా మరో ఐదు లక్షలు. ఈలోగా 2024 అక్టోబరు 29న, డెబ్బై ఏళ్లు దాటినవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఐదు లక్షల వైద్యం అన్న ఎన్నికల హామీ కూడా అమల్లోకి వచ్చింది. ఇప్పుడు మన కార్డు విశాఖపట్నంలోనూ చెల్లాలి. ఇచ్ఛాపురం గీత, కాగితం మీదైతే, వైద్యానికి చెరిగిపోయింది. దీనికి ఎనభై తొమ్మిదేళ్లు పట్టింది.

సంతోషమే. కానీ 2004లో ఇచ్చిన మొదటి మాట ఏమైంది? ప్రభుత్వ వైద్య ఖర్చు అప్పట్లో దేశ ఆదాయంలో ఒక శాతానికి లోపే. జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం 2021-22లో అది 1.84 శాతం. ఐదేళ్లలో చేరతామన్న 2 శాతం పదిహేడేళ్లకీ అందలేదు. దేశంలో వైద్యానికి పెట్టే ప్రతి వంద రూపాయల్లో జనం జేబులోంచి పోయేది 2004-05లో 69, 2013-14లో 64, 2021-22లో 39. తగ్గింది, కాదనం. కానీ ఆ 39లో పెద్ద భాగం మందులు, పరీక్షలు, ఓపీ చీటీలు. ఇవి చాలావరకు ఏ కార్డూ భరించనివి. షుగరు, బీపీ మందులకు నెలనెలా పోయే డబ్బు మన ఇళ్లలో అందరికీ తెలిసిందే.

మాకు అర్థమైంది ఇది. ఎన్నికల తర్వాత కార్డు ఇవ్వడం సులువు, ఆస్పత్రి కట్టి డాక్టరును నిలపడం కష్టం. కార్డు మీద బొమ్మ వేసుకోవచ్చు, పేరు మార్చుకోవచ్చు. రోగిని కొనుగోలుదారుడన్నంత మాత్రాన అతనికి ఎంచుకునే శక్తి రాదు. పక్కన తెలిసినవాళ్లు ఉండాలి, దగ్గరలో మంచి సర్కారు ఆస్పత్రి ఉండాలి. అది ఉంటేనే ప్రైవేటువాడూ అదుపులో ఉంటాడు. ఎంకేసీజీలో పడకలు, మందులు పెంచమని అడగడం మానేసి కార్డుతో తృప్తిపడితే, మనం రెండు మాటల్లో ఒకటి వదిలేసుకున్నట్టే.

ఇక మన చేతిలో ఉన్న పని. ఎక్కువ చిక్కు పేర్ల దగ్గర వస్తోంది. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఇక్కడి కాగితాల్లో వెనక రాస్తారు. ఆధార్‌లో ఒకలా, రేషన్ కార్డులో ఒకలా ఉంటే ఆస్పత్రి కిటికీ దగ్గర ఆగిపోతుంది. అటునుంచి వచ్చిన కోడళ్ల పేర్లు కొందరివి ఇంకా పుట్టింటి రేషన్ కార్డులోనే ఉన్నాయి. అక్కడ తీయించి ఇక్కడ ఎక్కించకపోతే ఆడవాళ్లకిచ్చే అదనపు ఐదు లక్షలు వాళ్లకు అందవు. డెబ్బై దాటినవాళ్లు ఆధార్‌లో వయసు సరిగ్గా ఉందో లేదో చూసుకోండి, వాళ్ల కార్డు వేరుగా తీసుకోవాలి. ఆస్పత్రిలో చేరినవాళ్ల కేసు కాగితాలు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని వైద్యుల నిబంధనల్లోనే ఉంది. అడగడానికి మొహమాటపడకండి.

ఇకమీదట ప్రతి ఆదివారం ఉదయం సంఘం ఆఫీసులో ఒడియా, తెలుగు రెండూ చదవగలిగినవాళ్లు ఇద్దరు కూర్చుంటారు. కాగితాలన్నీ తీసుకుని రండి. చదువుకున్న పిల్లలు నెలకో ఆదివారం ఇస్తే ఈ పని నిలుస్తుంది.

ఆ ముసలావిడ ఇంటికి నిన్న సాయంత్రం మేమే వెళ్లాం. స్మార్ట్ కార్డు పారేయవచ్చని, బిజూ కార్డు చోట ఇప్పుడు ఆయుష్మాన్ కార్డే పనిచేస్తుందని, డెబ్బై దాటారు కాబట్టి ఇంకో కార్డు కూడా వస్తుందని చెప్పాం. అంతా విని, "ఇదేదో అప్పుడే ఉంటే మా మగ్గాలు పోయేవి కావు నాయనా" అంది. అప్పుడు గానీ ఆవిడ ఎవరో మాకు తట్టలేదు. ఆ చిన్నాయన భార్యే.