కార్తూస్‌కు చర్బీ ఎందుకు పూశారు?

మా ఉర్దూ మీడియం కితాబుల్లో 1857 వచ్చిన ప్రతిసారీ చర్బీ పూసిన కార్తూసుల మాట వచ్చేది. డిగ్రీలో తెలుగు తీసుకున్నాక అదే సంగతి ‘కొవ్వు పూసిన తూటాలు’ అయింది. ఆవు కొవ్వు హిందువులకు పాపం, పంది కొవ్వు మనకు హరామ్, కాబట్టి బగావత్. ఇంతే తారీఖ్. కానీ ఒక సవాల్ రెండు జబానుల్లోనూ ఎవరూ వేయలేదు. అసలు తూటాకు చర్బీతో పనేమిటి?

ఇవాళ కార్తూస్ అనగానే ఇత్తడి గొట్టం గుర్తొస్తుంది. ఆ రోజుల్లో అది కాగజ్ పొట్లం. ఆ మాట పుట్టిందే యూరప్ భాషల్లో కాగితానికి ఉన్న పేరులోంచి. పొట్లంలో ఒకవైపు బారూద్, ఇంకోవైపు సీసం గుండు. సిపాహీ తోష్‌దాన్‌లోంచి ఒకటి తీసి, చివర పళ్లతో కొరికి, బారూద్‌ను తుపాకీ గొట్టంలో పోసి, గుండును పైనుంచి కడ్డీతో కూరేవాడు. అంటే ప్రతి కాల్పుకూ తుపాకీని తన చేత్తోనే నింపుకోవాలి. ముందు పళ్లు గట్టిగా లేనివాడు ఫౌజుకు పనికిరాడు!

బారూద్‌లో ఉండేవి మూడే. సూరేకారం, బొగ్గు, గంధకం. షికారీలు దాన్ని కొమ్ముసీసాలో వెంట తీసుకెళ్లేవారు. తెలిసినవాడు సీసాలోంచి నేరుగా గొట్టంలో పోసేవాడు కాదు. చిన్న కొలపాత్రలోకి ఒంపి, దాంతో పోసేవాడు. ముందు కాల్పు తాలూకు నిప్పురవ్వ గొట్టం అడుగున మిగిలి ఉంటే భగ్గుమనేది ఆ పాత్రెడు బారూద్ మాత్రమే. లేదంటే చేతిలోని సీసా మొత్తం పేలుతుంది. ప్రాణం సంగతి అది. నిషానా సంగతి కూడా ఆ కొలతలోనే ఉంది. బారూద్ ఎక్కువ తక్కువలైతే గుండు పడే చోటు మారిపోతుంది. జింక కాలు విరిగి పొదల్లోకి పారిపోతే అది షికారు కాదు, జులుం. కాగజ్ కార్తూస్ చేసిన మేలు ఇదే. కొలత ముందే కట్టి ఇచ్చింది.

ఇక 1853 మోడల్ ఎన్‌ఫీల్డ్ రైఫిల్. గొట్టం లోపలి వెడల్పు అంగుళంలో 0.577 వంతు, లోపల మెలిక తిరిగిన మూడు గాళ్లు. ఒక్కో పొట్లంలో 68 గ్రెయిన్ల బారూద్, 530 గ్రెయిన్ల గుండు. మన పాత తూకంలో బారూద్ నాలుగున్నర మాషాలు, గుండు దాదాపు 3 తులాలు. పాత మస్కెట్ గుండు 100 గజాలు దాటితే ఎటు పోతుందో ఖుదాకే ఎరుక. ఎన్‌ఫీల్డ్‌కు 900 గజాల దాకా గురి గుర్తులుండేవి. ఈ నిషానా గుండు గాళ్లను పట్టుకుని తిరగడం వల్ల వచ్చింది. పట్టుకోవాలంటే గుండు గొట్టానికి దాదాపు సరిపోవాలి. అక్కడే చిక్కు. నల్ల బారూద్ కాలాక దాని బరువులో సగానికి పైగా మసిగా మిగులుతుంది. పది కాల్పులయ్యాక ఆ మసి గట్టిపడి గుండును దిగనివ్వదు. గుండుకు చుట్టిన కాగజ్‌కు జిడ్డు పూస్తే మసి మెత్తబడుతుంది, గుండు జారుతుంది. మస్కెట్ గుండు గొట్టంలో వదులుగా ఉండేది కనుక దానికి ఈ అవసరం రాలేదు. తాతల కాలం నుంచి సిపాహీలు కొరికినది వట్టి కాగజ్.

కాబట్టి జిడ్డు సాజిష్ కాదు, జరూరత్. ఏ జిడ్డు అన్నదే అసలు సంగతి. 1853లోనే కర్నల్ టక్కర్ పై అధికారులను హెచ్చరించాడు, జిడ్డులో ఆక్షేపణ లేదని తేలేదాకా దేశీ ఫౌజుకు ఇవ్వొద్దని. ఎవరూ పట్టించుకోలేదు. కార్ఖానాలో వాడిన కొవ్వు ఏ జంతువుదో చూసుకోలేదని తరువాత సర్కారు విచారణలోనే తేలింది. ఈరోజు మన ఇళ్లలో క్యాప్సూల్ డబ్బా తిప్పి జెలటిన్ దేంతో చేశారో వెతుకుతారే, ఆ షక్‌ను జహాలత్ అంటామా?

1857 జనవరిలో దమ్‌దమ్ సిపాహీలు తమ అఫ్సర్ మేజర్ బాంటీన్‌కు చెప్పిన మాట మన కితాబుల్లో నాకు కనిపించలేదు. వాళ్లు రైఫిల్ వద్దనలేదు. చర్బీ బదులు మైనం, నూనె కలిపి పూస్తే సరిపోతుందన్నారు. రోజూ తుపాకీ నింపే చేతులు ఇచ్చిన సలహా అది. నెలాఖరుకు సర్కారు సరేనంది, ఎవరి జిడ్డు వాళ్లే పూసుకోవచ్చని. అప్పటికి భరోసా పోయింది. కొత్త కాగజ్ మెరుపు చూసినా అనుమానమే. ఫిబ్రవరి 26న బహరంపూర్‌లో 19వ పల్టన్ తిరగబడింది. ఏప్రిల్ 24న మీరట్‌లో కర్నల్ కార్మైకేల్ స్మిత్ 90 మంది సవార్లను నిలబెట్టాడు. ఇచ్చినవి పాత రకం కార్తూసులే, కొరకనక్కర్లేదు, చేత్తో చింపమన్నాడు. 85 మంది ముట్టుకోలేదు. మే 9న అందరి ముందు వాళ్ల కాళ్లకు బేడీలు వేశారు. మర్నాడే మీరట్ అంటుకుంది.

మన దక్కన్‌లో కార్తూస్ కన్నా దిల్లీ మాటే ఎక్కువ పనిచేసింది. బాద్షా మీదికి నడిపిస్తారన్న భయంతో ఔరంగాబాద్ రిసాలా ఎదురుతిరిగింది. అక్కడి నుంచి హైదరాబాద్ చేరిన జమాదార్ చీదా ఖాన్‌ను సాలార్ జంగ్ అంగ్రేజుల చేతికిచ్చాడు. అతన్ని విడిపించాలని జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ కోఠీ రెసిడెన్సీ మీద పడ్డారు. వాళ్ల గురించి విడిగా రాస్తాను.

తక్కిన కథ జిడ్డుదే. ఆ ఎండాకాలంలో గోరా ఫౌజు చేతిలోనే ఎన్‌ఫీల్డ్ మొరాయించింది. వేడికి చర్బీ కరిగి కాగజ్‌లోంచి జారిపోయింది. సీసంతో కలిసి గుండు పైపొరను తినేసింది, గుండు ఉబ్బి గొట్టంలో దిగలేదు. చివరికి గుండును 0.568 అంగుళం నుంచి 0.55కు తగ్గించారు. జిడ్డు కూడా మార్చారు. ఐదు వంతులు తేనెమైనం, ఒక వంతు చర్బీ. 1866లో స్నైడర్ రైఫిల్, ఇత్తడి కార్తూస్ వచ్చాక నోటితో కొరికే పనే పోయింది.