తిరువూరు పొలిమేర : స్వరాజ్యమును స్వేచ్ఛయు

దేశస్వాతంత్ర్య మనిన నేమో నేడు చిన్నపిల్లవానికిని దెలియును. అయితే ఒక్కొక్క మనుష్యునికి ప్రత్యేకముగా నుండవలసిన స్వాతంత్ర్య మనిన నేమి? అది దేశస్వాతంత్ర్యములో నిమిడియున్నదా, లేక వేఱొకటియా? ఈ ప్రశ్నలకు రాజనీతి గ్రంథములలో పెక్కు సమాధానములు గలవు. నేను మాత్రము గ్రంథములకంటె ముందుగా మా తిరువూరు పొలిమేరను జూపి చెప్పదలచితిని.

తిరువూరు నేడు ఎన్.టి.ఆర్. జిల్లాలో నున్నది, 2022వ సంవత్సరము వఱకు కృష్ణాజిల్లాలో నుండెను. ఇక్కడినుండి కొంతదూరము పోయినచో తెలంగాణము వచ్చును. 1948 వఱకు ఈ పొలిమేరయే రెండు ప్రభుత్వములకు నడిమి హద్దు. ఇటు చెన్నరాజధాని, 1947 వఱకు ఆంగ్లేయుల యేలుబడి. అటు నైజాము రాజ్యము. రెండుప్రక్కల భాష యొక్కటే, పైరు లొక్కటే, చుట్టరికములును కలసియే యుండెను. కల్లూరువైపు పిల్లనిచ్చిన యింటివారు బండి కట్టుకొని పోయి వచ్చుచుండిరి. కాని బండి హద్దు దాటగానే అందులో కూర్చున్న మనుష్యుని హక్కులు మాఱిపోవుచుండెను. దారిలో మాఱినది నేల కాదు, శాసనము.

అటువైపున వెట్టి యుండెను. అధికారి గ్రామమునకు వచ్చినపుడు బండి కట్టువాడును, కట్టెలు తెచ్చువాడును, కుండలు చేసి యిచ్చువాడును, బట్టలుతుకువాడును కూలి లేకయే పని చేయవలసియుండెను. దేశముఖులును, పటేలు పట్వారీలును ఆ యాచారమునే తమ యిండ్లకును పొలములకును విస్తరింపజేసికొనిరి. తొలకరి పడి తన చేను దున్నవలసినదినమున దొరగారి చేను దున్నబోవలసిన రైతును తలచుకొనుడు. ఎద్దులు తనవి, నాగలి తనది. ఆ దినము మాత్రము తనది కాదు. వ్యక్తిస్వాతంత్ర్యము లేకపోవుట యనగా నిదియే.

ఈ బాధను పదిమందితో చెప్పుకొందమన్నను సాధ్యము కాకుండెను. సభ జరుపవలెనన్న ముందుగా సర్కారు అనుమతి పొందవలెనని గస్తీ నిషాన్ 53 అను ఉత్తరువు శాసించుచుండెను. 1921లో హైదరాబాదునందు ఆంధ్రజనసంఘము పుట్టినది. మాడపాటి హనుమంతరావుగారును వారి మిత్రులును గ్రంథాలయములు స్థాపించుచు, వెట్టిని నిషేధించు ఉత్తరువులను ప్రజలకు దెలుపుచు పనిచేసిరి. 1930లో జోగిపేటయందు సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను ప్రథమాంధ్రమహాసభ జరిగెను. కడపట 1947-48లో రజాకార్ల దౌర్జన్యములకు తాళలేక పెక్కు కుటుంబములవారు హద్దు దాటి కృష్ణాజిల్లాకు వచ్చి తలదాచుకొనిరి.

అట్లని ఇటువైపు స్వర్గమని నేననను. బెజవాడనుండి ‘స్వరాజ్య’ పత్రికను నడపిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారిని 1908లో రాజద్రోహ నేరమునకై చెఱసాలకు బంపిరి. గూడెము కొండలలో బాటలు వేయుటకు కొండవారిచే వెట్టిచేయించుట 1922నాటి అల్లూరి సీతారామరాజుగారి తిరుగుబాటునకు ఒక కారణమయ్యెను. ఇటు కొంత స్వేచ్ఛ యున్నమాట నిజము. అయినను అది యజమాని దయతో నిచ్చినది, కోపము వచ్చినచో తిరిగి తీసికొనదగినది.

ఇందుండి మనము గ్రహింపవలసిన దొకటి గలదు. మనల నెవరు పాలింపవలెననునది ఒక ప్రశ్న. పాలించువా రెవరైనను మనజోలికి ఎంతదూరము రావచ్చుననునది మఱొక ప్రశ్న. మొదటిది స్వరాజ్యము, రెండవది వ్యక్తిస్వేచ్ఛ. స్వరాజ్యము లేని స్వేచ్ఛకు స్థిరత్వము లేదు. స్వేచ్ఛ లేని స్వరాజ్యమున దొర మాఱును గాని బ్రతుకు మాఱదు.

ఇంగ్లండున జాన్ స్టూవర్టు మిల్లను తత్త్వవేత్త 1859లో స్వేచ్ఛనుగూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. ఒకని పని యితరులకు హాని చేయనంతవఱకు దానిని బలవంతముగా నాపుటకు సర్కారునకుగాని సంఘమునకుగాని అధికారము లేదని అందలి సారాంశము. అయితే ఆయన పెక్కుసంవత్సరములు ఈస్టిండియా కంపెనీ కొలువున నుండినవాడు. ఈ సూత్రము ఇంకను ఎదుగని జాతులకు వర్తింపదని కూడ వ్రాసెను. అనగా మనకు వర్తింపదనియే! స్వేచ్ఛను ఇంత చక్కగా నిర్వచించినవాడే దానిని మనకు నిరాకరించుట చూడగా, స్వేచ్ఛను ఒకరు మఱియొకరికి దాచిపెట్టియుంచి యిచ్చుట కుదరదని తెలియుచున్నది.

“స్వేచ్ఛ యనిన విచ్చలవిడితనము కాదా?” యని పెద్దలు కొందఱు నన్నడిగియున్నారు. కాదు. చెఱువునీరు ఎవని వంతు వాడు తన మళ్లకు పెట్టుకొనవచ్చును. పొరుగువాని గట్టు తెగగొట్టరాదు. ఆ గట్టే స్వేచ్ఛకు హద్దు. అయితే గట్టు తెగకుండగనే “నీ మడిలో ఆ పైరు వేయరాదు” అని పదిమంది చేరి ఒకనిని నిర్బంధించినచో, అది న్యాయము గాదు, దౌర్జన్యము.

ఈ దౌర్జన్యమునకు సర్కారే యక్కఱలేదు, ఊరు చాలును. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగముగారు మొదటి వితంతు వివాహము జరిపించినపుడు ఆయనను బాధించినది ప్రభుత్వము కాదు, సంఘ బహిష్కారము. మన కృష్ణాజిల్లా ముదునూరున 1940లో నాస్తికకేంద్రమును స్థాపించిన గోరాగారు అంతకుముందు తమ యభిప్రాయములకొఱకే కళాశాలలలో ఉద్యోగములు పోగొట్టుకొనిరి. వారి మతముతో మన మేకీభవింపనక్కఱలేదు. నమ్మనివానికి నోరుండిననే నమ్మినవాని నమ్మకమునకు విలువ.

1950 జనవరి 26 నుండి హద్దునకు రెండుప్రక్కల ఒక్కటే రాజ్యాంగము అమలులోనికి వచ్చెను. దాని 17వ అధికరణము అంటరానితనమును, 23వ అధికరణము వెట్టిని నిషేధించినవి. 19వది మాటాడుటకును సభ చేరుటకును హక్కు నిచ్చినది. 21వది ప్రాణమునకును వ్యక్తిస్వాతంత్ర్యమునకును రక్ష. అయినను వ్రాతవలననే రక్షణ కలుగదు. 1975లో అత్యవసరపరిస్థితి విధింపబడగా వేలకొలది జనులు విచారణ లేకయే నిర్బంధింపబడిరి. అట్టివారు న్యాయస్థానమును ఆశ్రయింపజాలరని 1976లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. ఆ యైదుగురు న్యాయమూర్తులలో హెచ్. ఆర్. ఖన్నాగారొక్కరే కాదనిరి. 2017లో ఆ న్యాయస్థానమే నాటి తీర్పు తప్పని యొప్పుకొనెను. నలుగురి మాటకంటె ఒక్కని మాట సత్యమై యుండవచ్చును. ఆ యొక్కనికి నోరు మిగిల్చి యుంచుటయే వ్యక్తిస్వేచ్ఛయొక్క విలువ.

2014లో తెలంగాణరాష్ట్ర మేర్పడగా తిరువూరు మరల సరిహద్దు పట్టణమయ్యెను. కాని నేడు ఆ హద్దు దాటువాని హక్కులు మాఱుట లేదు. మన పూర్వులు కష్టపడి సంపాదించిన ఆస్తి యిది.

పెద్దలారా! రచ్చబండమీద మీరు కూర్చున్నపుడు ఒక పడుచువాడు గాని, ఒక కూలివాడు గాని, ఒక స్త్రీ గాని ఊరి యభిప్రాయమునకు వ్యతిరేకముగా లేచి నిలువవచ్చును. వారి మాట మీకు రుచింపకపోవచ్చును. అయినను “ముందు చెప్పనిండు” అని మీరొక్కమాట యన్నచో, రాజ్యాంగములోని యా యధికరణము మీ యూరివఱకు వచ్చినట్లే. అనకపోయినచో, పాతహద్దు మన రచ్చబండ ప్రక్కనే యింకను నిలిచియున్నదని తెలిసికొనవలయును.