జిప్పుకి పేరు పెట్టింది దాని చప్పుడే

మొన్న పొద్దున్న స్కూలు బస్సొచ్చే టైమయింది. మా చిన్నది స్వెటర్ జిప్పుతో కుస్తీ పడుతోంది. నేను చెయ్యి చాస్తే, "అమ్మా, జుయ్ నేనే పెట్టుకుంటా!" అని వెనక్కి జరిగింది. దాని భాషలో జిప్పంటే 'జుయ్'. తొందరలో నేనే లాగేశాను. ఏడుస్తూనే బస్సెక్కింది.

తర్వాత కూర్చుని ఆలోచిస్తే, ఇంగ్లీషువాళ్ళు చేసిందీ అదే కదా అనిపించింది. మనకి గలగల, చిటపట, సర్రున ఉన్నట్టే వాళ్ళకి 'జిప్' అన్నది చప్పుడులోంచి పుట్టిన మాట. తూటా గాలిని చీల్చుకుంటూ పోయినప్పుడు వచ్చే చప్పుడు. పోనుపోను వేగం, హుషారు అనే అర్థాలు కూడా వచ్చాయి. ఈ మాట 19వ శతాబ్దంలోనే ఉంది. మనం వాడే జిప్పు మాత్రం అప్పటికింకా పుట్టలేదు.

1893లో అమెరికాలో విట్‌కోంబ్ జడ్సన్ అనే ఆయన బూట్ల కోసం కొక్కేలన్నీ ఒకేసారి పట్టే సాధనానికి పేటెంట్ తీసుకున్నాడు. ఆ రకం కొక్కేలు ఉన్నట్టుండి ఊడిపోయేవి. వాటిని బాగుచేసే పని స్వీడన్ నుంచి వచ్చిన ఇంజనీర్ గిడియన్ సండ్‌బ్యాక్ మీద పడింది. 1911లో ఆయన భార్య ఎల్విరా చనిపోయింది. ఆ దుఃఖం మర్చిపోడానికి పనిలో మునిగిపోయాడంటారు. 1913 చివరికి, పళ్ళు ఒకదాన్నొకటి పట్టుకునే ఇప్పటి జిప్పు తయారయింది. 1917లో పేటెంట్ వచ్చింది. అందులో రాసుకున్న పేరు 'సెపరబుల్ ఫాసెనర్'. మనకి నోరు తిరుగుతుందా!

1923లో గుడ్‌రిచ్ రబ్బరు కంపెనీ దాన్ని తమ రబ్బరు బూట్లకి కుట్టి, ఆ బూట్లని 'జిప్పర్' అంది. పేరు పెట్టింది బూట్లకే సుమా! జనం మాత్రం సర్రున మూసుకునే ఆ పళ్ళ వరసనే జిప్పర్ అనడం మొదలెట్టారు. పేటెంట్ పేరు కాగితంలోనే ఉండిపోయింది.

నన్ను ఆపేసిన సంగతి ఇంకొకటుంది. 1930ల్లో జిప్పుని పిల్లల బట్టలకి పెట్టి అమ్మినప్పుడు, వాళ్ళు చెప్పుకున్న గొప్ప ఏమిటో తెలుసా? పిల్లలు ఎవరి సాయం లేకుండా వాళ్ళ బట్టలు వాళ్ళే వేసుకోగలరని! నేనేమో అదే జిప్పుని దాని చేతిలోంచి లాక్కున్నాను.

మర్నాడు పది నిమిషాలు ముందే లేపాను. కింద ముక్క రెండో దాంట్లో దూర్చడానికి నాలుగుసార్లు తప్పింది. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఐదోసారి కుదిరింది.

"జుయ్!" అంది, మెడ దాకా లాగి.

మీ ఇంట్లో పిల్లలు దీన్నేమంటారో చెప్పరూ?