ఉమ్మడి గోడలోంచి వచ్చిన చట్టం

బ్రిటన్‌లో ఒకే వీధిలో, ఒకే గోడకు అటూ ఇటూ రెండు ఇళ్లు ఉన్నాయనుకుందాం. రెండింట్లోనూ ఒకే కంపెనీ గ్యాస్ బాయిలర్, ఒకే ఏడాది బిగించినది. ఒక ఇల్లు అద్దెకిచ్చారు, రెండోదాంట్లో సొంతదారులే ఉంటున్నారు. అద్దె ఇంటి బాయిలర్‌ను గ్యాస్ సేఫ్ రిజిస్టర్ అనే అధికారిక జాబితాలో పేరున్న ఇంజనీరు ఏడాదికోసారి వచ్చి పరీక్షించి కాగితం రాసివ్వాలి. కొత్తగా అద్దెకు దిగేవాళ్లకు ఆ కాగితం నకలు ఇల్లు అప్పగించేలోపే అందాలి, ఇప్పటికే ఉంటున్నవాళ్లకు తనిఖీ జరిగిన 28 రోజుల్లోపు అందాలి. చదువులకని అక్కడికి వెళ్లి ఇల్లు అద్దెకు తీసుకునే మన తెలుగు పిల్లలకు కూడా ఇది హక్కుగా రావలసిన కాగితమే. పక్కింటి సొంతదారు బాయిలర్‌ను మాత్రం పదేళ్లపాటు ఎవరూ తెరిచి చూడకపోయినా ఏటా చూపించారా అని అడిగే చట్టం లేదు. మంటలో తేడా లేదు, విషవాయువులోనూ లేదు. మరి చట్టంలో ఎందుకుంది? ఇంట్లో వెచ్చదనానికి వేసుకునే మంట మీద ప్రభుత్వ అజమాయిషీ ఎలా పుట్టిందో వెనక్కి వెళ్లి చూస్తే నాకు ఒక్కటే జవాబు కనిపిస్తుంది. ఆ మంట పక్కన కూర్చున్న మనిషి కోసం చట్టం ఆ ఇంట్లోకి రావడం అరుదు. భద్రత పేరుతో వచ్చినప్పుడు ఎక్కువగా పొరుగువాడి కోసమో, అద్దెకున్నవాడి కోసమో వచ్చింది.

లండన్ నగరపు తొలి మేయర్ హెన్రీ ఫిట్జ్ ఐల్విన్ కాలం నాటి కట్టుబాట్లలో, 1189 నాటివని చెప్పేవాటిలో, రెండిళ్ల మధ్య ఉమ్మడి గోడ గురించి ఉంది. రాతితో కట్టుకోవాలనుకుంటే మూడడుగుల మందం, పదహారడుగుల ఎత్తు ఉండాలి, ఇరుగూ పొరుగూ చెరిసగం స్థలం ఇవ్వాలి. లోపల పొయ్యి ఎక్కడ పెట్టుకుంటావు, పొగ ఎలా పోతుంది అన్న ప్రశ్నల కంటే పక్కవాడికీ నీకూ మధ్య రాయి ఉందా అన్నదే ముఖ్యం. 1212లో పెద్ద అగ్నిప్రమాదం తర్వాత కప్పుకు గడ్డి వాడకూడదన్నారు. గడ్డికప్పు మీంచి నిప్పురవ్వ నాలుగు ఇళ్లు దాటుతుంది మరి. 1666 సెప్టెంబరులో పుడ్డింగ్ లేన్‌లోని థామస్ ఫారినర్ బేకరీలో మొదలైన మంట 13,200 ఇళ్లను కాల్చేశాక, 1667 పునర్నిర్మాణ చట్టం బయటి గోడలు ఇటుకతోనో రాతితోనో ఉండాలంది, ఆ పని చూడటానికి సర్వేయర్లను పెట్టింది. కట్టుబాటు కాగితం మీద ఉండటం వేరు, దాన్ని కొలిచే మనిషి వీధిలో తిరగడం వేరు. ఈ మంట చరిత్రలో అజమాయిషీ నిజంగా మొదలైంది ఆ సర్వేయర్లతోనే అంటాను.

ఇంటి గడప దాటి లోపలికి వచ్చి పొయ్యిలు లెక్కపెట్టిన తొలి అధికారులు మాత్రం భద్రత కోసం రాలేదు, డబ్బు కోసం వచ్చారు. 1662లో రెండో చార్లెస్ ప్రభుత్వం పొయ్యి పన్ను వేసింది, ఒక్కో పొయ్యికి ఏడాదికి రెండు షిల్లింగులు. లెక్క చూడటానికి ఇంట్లోకి వచ్చేవాళ్లను జనం అసహ్యించుకున్నారు. పొగగొట్టాలు మూసేశారు, పొయ్యిలు దాచారు. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని చర్చిల్ అనే ఊళ్లో 1684లో ఒక బేకరీ ఆవిడ ఈ పన్ను తప్పించుకోవడానికి తన పొయ్యి పొగను గోడకు కన్నం కొట్టి పక్కింటి పొగగొట్టంలోకి మళ్లించిందనీ, ఆ మంటకు ఊళ్లో ఇరవై ఇళ్లు కాలి నలుగురు చనిపోయారనీ చెబుతారు. 1689లో విలియం, మేరీల పాలన రాగానే ఆ పన్ను రద్దయింది. రద్దు చేస్తూ చెప్పిన కారణాల్లో పేదల మీద భారం ఒకటి, ముక్కూ మొహం తెలియనివాళ్లు ఇష్టమొచ్చినప్పుడు ఇల్లు సోదా చేయడం రెండోది. ఆ రెండో కారణం బ్రిటిష్ మనసులో గట్టిగా నాటుకుంది. నా ఇల్లు నా కోట అన్న వాదన ఈనాటికీ సొంతింటి బాయిలర్‌ను కాపలా కాస్తోందంటే దాని వేరు కొంత ఇక్కడే ఉంది.

గ్యాస్ వచ్చాక ఇంటి మంటకు రెండు రకాల ప్రమాదాలు తోడయ్యాయి. ఒకటి పేలుడు. దానికి ఉమ్మడి గోడ లెక్కే లేదు. 1968 మే 16 తెల్లవారుజామున తూర్పు లండన్‌లోని రోనన్ పాయింట్ అనే 22 అంతస్తుల భవనంలో, 18వ అంతస్తులో ఒకావిడ టీ కోసం అగ్గిపుల్ల గీసింది. గ్యాస్ పొయ్యికి గొట్టం కలిపే ఇత్తడి నట్టు నాసిరకం, విరిగి గ్యాస్ కారుతోంది. పేలుడు మరీ పెద్దదేమీ కాదు, ఆవిడ బతికే బయటపడింది. కానీ గోడ పలకలు ఊడి, భవనం మూల మొత్తం పైనుంచి కిందికి పేకమేడలా కూలింది. నలుగురు చనిపోయారు. భవనంలో జనం చేరి అప్పటికి రెండు నెలలే. విచారణలో భవన నిర్మాణ లోపమే పెద్దగా తేలినా, ఒక నట్టు బిగించిన చేతి మీద కూడా చూపు పడింది. గ్యాస్ పని చేసేవాళ్ల పేర్లు నమోదు చేయడానికి 1970లో కోర్గీ అనే సంస్థ పుట్టింది. 1972లో గ్యాస్ భద్రతా నిబంధనలు వచ్చాయి. కోర్గీలో చేరడం మాత్రం ఫిట్టరు ఇష్టానికే వదిలేశారు. తప్పనిసరి చేయడానికి 1991 దాకా, అంటే ఇంకో ఇరవై ఒక్క ఏళ్లు పట్టింది.

రెండో ప్రమాదం కార్బన్ మోనాక్సైడ్. ఇది చప్పుడు చేయదు, వాసన రాదు, గోడలు కూల్చదు. బొగ్గు నుంచి తీసే పాత టౌన్ గ్యాస్‌లో ఈ విషం గ్యాస్‌లోనే ఉండేది, కారితే ముక్కుకు తెలిసేది. 1967 నుంచి 1977 దాకా దేశమంతటా ఇంటింటికీ తిరిగి బర్నర్లు మార్చి ఉత్తర సముద్రపు సహజవాయువుకు మళ్లారు. సహజవాయువులో ఆ విషం లేదు కనుక గండం గడిచిందనుకున్నారు. గడవలేదు. పొగగొట్టం మూసుకుపోయినా, గదిలోకి గాలి చాలకపోయినా గ్యాస్ పూర్తిగా మండదు, మంట తానే ఆ విషాన్ని తయారుచేస్తుంది. దానికి బలయ్యేది ఎక్కువగా ఆ గదిలో పడుకున్నవాళ్లే. అందుకే, పేలుడుకు రెండేళ్లలో కదిలిన వ్యవస్థ ఈ నిశ్శబ్దపు చావులకు కదలడానికి చాలా కాలం తీసుకుంది. కదిలినప్పుడు కూడా అద్దె ఇళ్ల వైపు నుంచే కదిలింది. ఇంటి యజమాని ఏటా తనిఖీ చేయించాలన్న బాధ్యత 1994లో వచ్చింది, 1998 గ్యాస్ భద్రతా నిబంధనల్లో 36వదిగా స్థిరపడింది. యజమాని ఒకడు, ఆ గాలి పీల్చేవాడు ఇంకొకడు. అద్దె చీటీ అనే గోడ మధ్యలో ఉండబట్టే చట్టానికి లోపలికి రావడానికి దారి దొరికింది.

ఇదంతా ఫిట్టర్ల సంఘాలు తమ పొట్ట నింపుకోవడానికి కట్టిన కంచె అనేవాళ్లున్నారు. లైసెన్సు పెడితే పోటీ తగ్గుతుంది, కూలి పెరుగుతుంది, పేదవాడు చివరికి లైసెన్సు లేనివాడినే పిలుస్తాడు అన్నది వాళ్ల మాట. కొట్టిపారేయదగ్గ మాట కాదు, దీనికి జర్మనీ గట్టి సాక్ష్యం. అక్కడ ఒకప్పుడు ఒక్కో పేటకు పొగగొట్టాలు శుభ్రం చేసేవాడు ఒక్కొక్కడు, ఆ పేట పని మొత్తం అతనిదే, ఇంకొకరిని పిలవడానికి వీలుండేది కాదు. ఐరోపా కమిషన్ అభ్యంతరం చెప్పాక చట్టం మార్చారు, 2013 జనవరి 1 నుంచి శుభ్రం చేసే పనికి నచ్చినవాడిని పిలుచుకోవచ్చు. అయితే అక్కడ తెలివిగా ఒక పని చేశారు. ఊడ్చే పనిని మార్కెట్‌కు వదిలి, చూసే అధికారాన్ని వదల్లేదు. ఏడేళ్ల పదవీకాలంలో రెండుసార్లు పేట అధికారి వచ్చి ఇంట్లోని పొయ్యిలు, బాయిలర్లు, పొగగొట్టాలు చూసిపోతాడు. సొంతిల్లా, అద్దిల్లా అని అడగడు. గుత్తాధిపత్యం మీది విమర్శ నిజమే కావచ్చు, కానీ అది తనిఖీకి వ్యతిరేకం కాదని ఈ విభజనే చూపిస్తోంది. పేదవాడి సంగతికొస్తే, చర్చిల్ ఊరి కథే మళ్లీ గుర్తుచేసుకోవాలి. ఇంట్లో పొయ్యి ఉందని చెప్పుకుంటే డబ్బు కట్టాల్సి వచ్చేచోట జనం పొయ్యిని దాస్తారు. తనిఖీకి డబ్బు తీసుకోకపోతే దాచాల్సిన పనుండదు. ఖర్చు ఎవరు భరించాలన్నది వేరే తగువు, తనిఖీ ఉండాలా వద్దా అన్నదానికి అది జవాబు కాదు.

ఇక అసలైన అభ్యంతరం సొంతింటివాడిది. నా ఇంట్లో నా బాయిలర్ వల్ల నాకేదైనా అయితే అది నా ఖర్మ, నీకెందుకంటాడు. మనిషి ఒంటరిగా బతికితే ఆ మాటకు బలముంది. కానీ ఆ ఇంట్లో పిల్లలుంటారు, ముసలివాళ్లుంటారు, పండక్కి వచ్చిన చుట్టాలుంటారు. వాళ్లెవరూ బాయిలర్ గురించి సంతకం పెట్టలేదు. కలిసి కట్టిన ఇళ్లలో పాత పొగగొట్టం పగిలితే పొగ పక్కింటి పడగ్గదిలోకి వెళ్తుంది. కనుక పొరుగువాడి హక్కు అన్న పాత సూత్రాన్నే నిజాయతీగా పట్టుకున్నా సొంతింటికి మినహాయింపు నిలవదు. బ్రిటన్ ఈ చిక్కును సగం మాత్రమే విప్పింది. కూలికి గ్యాస్ పని చేసే ప్రతివాడూ రిజిస్టర్‌లో ఉండాలంది. 2009 ఏప్రిల్ 1న కోర్గీ స్థానంలో గ్యాస్ సేఫ్ రిజిస్టర్ వచ్చింది, ఇవాళ అందులో లక్షమందికి పైగా ఇంజనీర్లున్నారు, అయిదేళ్లకోసారి వాళ్ల నైపుణ్యాన్ని మళ్లీ పరీక్షిస్తారు. అంటే బిగించే రోజున చట్టం చేతిని చూస్తుంది. బిగించిన తర్వాత ఇరవై ఏళ్లు ఆ మంట ఎలా మండుతోందో సొంతింట్లో చూడదు. బాయిలర్ చెడేది ఎక్కువగా ఆ తర్వాతి ఏళ్లలోనే.

ఈ అమలు పద్ధతిలో ఇంకో విడ్డూరం ఉంది. బాయిలర్ పెట్టాలంటే స్థానిక సంస్థకు తెలియాలి, కానీ రిజిస్టర్‌లో ఉన్న ఇంజనీరు తన పనికి తానే సర్టిఫికెట్ ఇచ్చుకుంటే చాలు, ఇన్‌స్పెక్టరు రానక్కర్లేదు. లైసెన్సు వచ్చి అనుమతిని మింగేసిందన్నమాట. దొంగ చేతికే తాళాలిచ్చినట్టని కొందరు తిట్టినా, కొన్ని ఇళ్లను ఏరి మళ్లీ చూసే ఏర్పాటుంది కాబట్టి అది పూర్తిగా న్యాయం కాదు. నాకు ఇంతకంటే గట్టిగా పనిచేసిందనిపించేది జైలూ జరిమానాలూ లేని ఒక ఎత్తు. ఇంగ్లండ్‌లో 2015 అక్టోబరు నుంచి కుదిరిన అద్దె ఒప్పందాల్లో గ్యాస్ కాగితం ఇవ్వని యజమానికి, కారణం చూపకుండా ఖాళీ చేయించే అధికారం లేకుండా చేశారు. ఇన్‌స్పెక్టరు రాకపోయినా యజమాని లాయరే ముందు ఆ కాగితం ఉందా అని అడుగుతాడు. ఖాళీ చేయించే ఆ అధికారాన్నే ఎత్తేస్తూ 2025లో చట్టం వచ్చింది. అద్దెకున్నవాళ్లకు అది మేలే, ఈ చిన్న మెలిక మాత్రం దాంతోపాటే పోతుంది.

మన దగ్గర ఇల్లు వేడిచేసే బాయిలర్లు లేవు, ఇదంతా మనకెందుకనుకోవచ్చు. మన ఊళ్లలో స్నానాల గదుల్లో బిగించే గ్యాస్ గీజర్ చేసేది ఇదే పని. చిన్న గది, మూసిన తలుపు, పైన సన్నటి కిటికీ, లోపలే మంట. తలుపు తీసేసరికి మనిషి స్పృహ తప్పి ఉండే వార్తలు హైదరాబాద్‌లాంటి నగరాల్లో కొత్త కాదు. బ్రిటన్ 1998 నిబంధనలు స్నానాల గదిలో గది గాలి వాడుకునే గీజర్‌ను కొత్తగా పెట్టనివ్వవు. బయటి గాలి పీల్చి, పొగ బయటికే వదిలే మూసిన రకమే పెట్టాలి. మన దగ్గర సిలిండర్ ఎక్కడ పెట్టాలో డీలరు చెబుతాడు గానీ, గీజర్ బిగించేవాడిని ఎవరు పంపారు, గోడకు పొగ గొట్టం ఉందా అని అడిగేవాడు కనపడడు. ఇక్కడా పేలిన సిలిండర్‌కు వచ్చే కదలిక, ఊపిరాడక పోయిన మనిషికి రాదు.

బ్రిటన్ ఇప్పుడు మంటే లేకుండా కరెంటుతో ఇల్లు వేడిచేసే హీట్ పంపు వైపు మళ్లుతోంది. అందులో ఏదీ మండదు, మంట నుంచి వచ్చే విషం లేదు. అయినా ఇంగ్లండ్‌లో మొన్నటిదాకా దాన్ని పెరటి సరిహద్దుకు మీటరు దూరంలో పెడితేనే ప్రణాళికా అనుమతి అక్కర్లేకుండా పోయేది. 2025లో ఆ మీటరు ఎత్తేశారు. మిగిలిన షరతుల్లో ఒకటి చప్పుడు హద్దు, దాన్ని లెక్కించేది పొరుగింటి కిటికీ దగ్గర.