ఐదు నెలల పదకొండు రోజులు

టామస్ హార్డీ నవలలు చదివినన్నాళ్ళూ వాళ్ళమ్మ గురించి ఆలోచించలేదు. ఈమధ్య ఆయన జీవితవివరాలు చూస్తుంటే రెండు తేదీలు కంటబడ్డాయి. ఇంగ్లండ్‌లో డోర్సెట్ జిల్లా, మెల్బరీ ఆస్మండ్ పల్లె చర్చిలో జెమైమా హ్యాండ్ పెళ్ళి 1839 డిసెంబర్ 22న. కొడుకు టామస్ పుట్టింది 1840 జూన్ 2న. రోజూ డేటాబేసులతో పనిచేసే చెయ్యి ఊరుకోదు కదా, తీసివేత చేశాను. ఐదు నెలల పదకొండు రోజులు!

దొంగని పట్టుకున్నట్టు సంబరపడ్డాను. తర్వాత కాస్త సిగ్గేసింది.

ఇంగ్లండ్‌లో ప్రభుత్వ రిజిస్ట్రేషన్ 1837 జులైలో మొదలైంది. అప్పట్నించీ పెళ్ళి రిజిస్టర్లో ఇద్దరి తండ్రుల పేర్లూ, వాళ్ళ వృత్తులూ రాయాలి. 2021 దాకా తల్లులకి గడే లేదు. పెళ్ళికూతురి వృత్తి గడి చాలాచోట్ల ఖాళీగానే ఉంటుంది. జెమైమా మాత్రం పెళ్ళికి ముందే పెద్దల ఇళ్ళల్లో వంట చేసి బతికింది.

ఆపై 1841 జనాభా లెక్కలు. పదిహేనేళ్ళు దాటినవాళ్ళ వయసుని కిందనున్న ఐదో ఎక్కానికి దించి రాయమన్నారు. 1813 సెప్టెంబర్లో పుట్టిన జెమైమాకి అప్పటికి ఇరవై ఏడు. ఆ నియమం ప్రకారం ఇరవై ఐదు. ఎవరు ఎవరికి ఏమవుతారో రాసే గడి కూడా 1851లో గానీ రాలేదు. నాకిది కొత్తేం కాదు. మా నానమ్మ ఆధార్ కార్డులో పుట్టినరోజు జనవరి 1. ఆ రోజు ఆవిడ పుట్టలేదని ఇంటిల్లిపాదికీ తెలుసు.

నేను చేసిన తీసివేతనే కేంబ్రిడ్జ్ జనాభా చరిత్రకారులు వేల జంటల మీద చేశారు. ఆ కాలపు ఇంగ్లీషు పల్లెల్లో కడుపుతో పెళ్ళిపీట ఎక్కడం అరుదు కాదని తేలింది. ఒక్క ఇంటి మీద చేస్తే చాడీ, వేల ఇళ్ళ మీద చేస్తే చరిత్ర.

హార్డీ తన పాత కాగితాలు చాలా తగలబెట్టాడు. తన జీవితచరిత్ర తనే రాసుకుని, తను పోయాక భార్య ఫ్లోరెన్స్ పేరుతో వచ్చేలా చూసుకున్నాడు. చర్చి రిజిస్టర్ మాత్రం ఆయన చేతిలో లేదు. అందుకే ఆ తేదీ మిగిలింది. కానీ ఆ డిసెంబర్ ఆదివారం జెమైమా భయపడిందో, ఊపిరి పీల్చుకుందో రాసే గడి ఆ రిజిస్టర్లోనూ లేదు. తెలిసిందల్లా ఆ రెండు తేదీలే. ఆ మధ్య కాలాన్ని నేరంగా చదవకపోవడం వరకే నా చేతిలో ఉంది.