పొయ్యిలో కట్టెకూ చరిత్ర ఉంది

మన పిల్లల పాఠాల్లో రైలు కథ ఉంటుంది. ఆ రైలు తొలినాళ్లలో ఏం తిని నడిచిందో మాత్రం ఉండదు. మద్రాసు ప్రెసిడెన్సీలో రైళ్లు చాలాకాలం కట్టె కాల్చి నడిచాయి. పట్టాల కింద దుంగలూ అడవివే. 1856లో ప్రభుత్వం అక్కడ అటవీ శాఖ పెట్టి, క్లెగ్‌హార్న్ అనే డాక్టరును దానికి అధికారిగా వేసింది. అడవిని కాపాడాలన్న మాటకు వాళ్ల కలప అవసరమే ముఖ్య కారణం. నింద మాత్రం పోడు మీద పడింది.

పోడు అంటే అడవిని నాశనం చేయడమని రాశారు. మన తాతలతో కొండెక్కినవాళ్లకు అసలు సంగతి తెలుసు. ఇప్ప, చింత, మామిడి, జీలుగు చెట్లను ముట్టేవారు కాదు. మిగతావాటిని వేళ్లతో పెకలించకుండా మొద్దులు ఉంచేవారు. రెండు మూడు పంటలు తీసి వదిలేస్తే ఆ మొద్దులే పిలకలు వేసేవి. ఇంటికి కట్టె ఆ బీడులోంచీ, రాలిన ఎండుపుల్లల్లోంచీ వచ్చేది. ఈ ఏడు ఏ కొండ కొట్టాలి, ఏది వదలాలి, దేవతకు చెందినది ఏది అన్నది ఊరి పెద్దలు కూర్చుని చెప్పేవారు. భూవినియోగ ప్రణాళిక అని ఇప్పుడు అంటున్నది అదే. జనం పెరిగి, బీడు ఉంచే ఏళ్లు తగ్గాక ఆ లెక్క తప్పిన మాట నిజం. అయితే మనకు కొండ ఎందుకు తగ్గిందో కూడా చెప్పుకోవాలి.

1879లో రంప తిరగబడింది. కల్లు మీద చిగురుపన్ను, మన్సబుదారు దౌర్జన్యం అందుకు కారణాలు. మూడేళ్లకు 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు చేసే అడవికి హద్దులు ప్రకటిస్తారు, హక్కు ఉన్నవాళ్లు గడువులోగా చెప్పుకోవాలి. చెప్పుకోనివాళ్ల హక్కు పోయినట్టే. రాత తెలియని గూడేల్లో అర్జీ ఎవరు పెడతారు? నిన్నటి కట్టెమోపు నేడు నేరమైంది. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద పడిన అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర, మల్లుదొరల వెంట మన్యం నడవడానికి రోడ్ల పనిలో వెట్టితోపాటు ఈ అటవీ ఆంక్షలూ కారణమే.

స్వాతంత్ర్యం వచ్చాక వెదురు కాగితం మిల్లులకు తరలింది. చాలాచోట్ల అడవి తీసి నీలగిరి నాటారు. 1988 జాతీయ అటవీ విధానం గిరిజనుల వంటచెరకు, మేత, ఇంటి కలప అవసరాలనే ముందు తీర్చాలంది. 2006 అటవీ హక్కుల చట్టం సామూహిక అడవిని కాపాడి, వాడుకునే హక్కును గుర్తించింది. 2012లో సవరించిన నియమాల ప్రకారం గ్రామసభ కమిటీ ఆ అడవికి ప్రణాళిక రాసి, అటవీ శాఖ ప్రణాళికతో కలపాలి. మనం వ్యక్తిగత పట్టాల కోసం తిరిగినంతగా ఈ కాగితం కోసం తిరగలేదు. గ్యాసు పొయ్యి వచ్చింది. సిలిండరుకు డబ్బు లేని నెలలో మన ఆడవాళ్లు మళ్లీ కట్టెకే వెళ్తున్నారు.

అందుకని ఉపాధ్యాయులం ఒక పని మొదలుపెడదాం. పిల్లలతో ఇంటింటా వారం రోజులు కట్టె తూయిద్దాం. మోపు ఎన్నాళ్లు వస్తుంది, ఏ కొండది, అమ్మమ్మల కాలంలో ఎంత దూరం నడిచేవారు, అన్నీ రాయిద్దాం. యువకులు ఆ లెక్కను గ్రామసభలో పెట్టి, ఏ వాలును బీడుగా వదలాలో, ఎక్కడ ఎండుపుల్ల మాత్రమే ఏరాలో, ఎక్కడ కట్టెచెట్లు నాటాలో పటం గీయాలి. 1882లో మన హద్దులు వేరేవాళ్లు గీశారు. అప్పుడు మనకు రాత లేదు. ఇప్పుడు ఉంది.